గ్లాసుకీ లివర్‌కీ మధ్య పేగు

ఒకే మోతాదులో, అన్నేళ్లే తాగినా అందరి కాలేయమూ ఒకేలా పాడవదు. అతిగా తాగేవారిలో నూటికి 90 మందికి కాలేయంలో కొవ్వు చేరుతుంది. కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే సిర్రోసిస్ దాకా వెళ్లేది మాత్రం 10 నుంచి 20 మందే. జన్యువులు, స్థూలకాయం, ఆడామగా తేడా ఇందుకు కొంతవరకే జవాబు చెబుతాయి. ఇంకొంత జవాబు పేగుల్లో ఉంది.

కాలేయానికి చేరే రక్తంలో దాదాపు ముప్పాతిక వంతు పేగుల వైపు నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది. పేగు పీల్చుకున్నదానిలో చాలా భాగం ముందు దిగేది కాలేయం గడపలోనే. పేగు లోపలి గోడ ఒకే ఒక్క వరస కణాలతో కట్టింది. కణాల మధ్య సందులను కొన్ని ప్రొటీన్లు బిగించి ఉంచుతాయి, పైన జిగట పొర కప్పి ఉంటుంది. మద్యమూ, అది విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడూ ఆ బిగువును సడలిస్తాయి. అప్పుడు బ్యాక్టీరియా పైపొర నుంచి ఊడిన ఎండోటాక్సిన్లు రక్తంలోకి జారతాయి. కాలేయంలో కాపలా ఉండే కుఫర్ కణాలు వాటిని చూసి వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. మద్యంతో అప్పటికే నలిగిన కాలేయానికి అది రెండో దెబ్బ.

జారేది ఏ బ్యాక్టీరియా సరుకు అన్నది కూడా ముఖ్యమే. అమెరికాలోని శాన్ డియాగో శాస్త్రవేత్తల నాయకత్వంలో 2019లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే సూక్ష్మజీవిని పట్టుకుంది. దీనిలో కొన్ని రకాలు సైటోలైసిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. మద్యం వల్ల కాలేయం వాచే ఆల్కహాలిక్ హెపటైటిస్ రోగుల్లో ఆ రకం ఉన్నవారిలో 89 శాతం మంది 180 రోజుల్లో చనిపోయారు. లేనివారిలో మృతులు 3.8 శాతమే. ఇంత తేడా వైద్య పరిశోధనల్లో అరుదు. ఆ బ్యాక్టీరియాను మాత్రమే వేటాడే ఫేజ్ వైరస్‌లను ఎలుకలకు ఇస్తే కాలేయ నష్టం తగ్గింది.

ఫ్రాన్స్ పరిశోధకులు 2016లో ఇంకో దారిలో వెళ్లారు. తాగుడు అలవాటున్న ఇద్దరిలో ఒకరికి తీవ్ర హెపటైటిస్ ఉంది, మరొకరికి లేదు. వారి మలాన్ని సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల పేగుల్లోకి ఎక్కించి మద్యం పట్టిస్తే, రోగి మలం అందుకున్న ఎలుకలకే కాలేయం ఎక్కువగా వాచింది. ఢిల్లీలోని కాలేయ వైద్య సంస్థ ఐఎల్‌బీఎస్ వైద్యులు దీన్ని తిరగేసినట్టు, స్టెరాయిడ్లు ఇవ్వడానికి వీల్లేని 8 మంది రోగులకు ఆరోగ్యవంతుల మలాన్ని ముక్కు గొట్టం ద్వారా వారం పాటు ఎక్కించారు. 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఏడాది తర్వాత ఏడుగురు బతికే ఉన్నారు. గతంలో మామూలు చికిత్స పొందిన రోగుల్లో మిగిలింది మూడో వంతే. ఎనిమిది మంది చాలా చిన్న లెక్క. అయినా ఆశకు అది చోటిచ్చింది.

పేగులోని జీవుల్ని పోషించేది తిండి. జామ, ఆపిల్, నిమ్మజాతి పండ్లలో ఉండే పెక్టిన్ అనే పీచు మద్యం పట్టించిన ఎలుకల కాలేయాన్ని కాపాడింది. మద్యంతో పాటు మొక్కజొన్న నూనె తిన్న ఎలుకలకంటే పశువుల కొవ్వు తిన్నవాటికి నష్టం తక్కువైంది. అలాగని నెయ్యి డబ్బా మూత తీయనక్కర్లేదు, ఎలుక వేరు, మనిషి వేరు. మనుషుల్లో గట్టి లెక్క కాఫీది. 1,25,580 మందిని పరిశీలించిన అమెరికా అధ్యయనంలో (2006) కాఫీ పెరిగేకొద్దీ మద్యం వల్ల వచ్చే సిర్రోసిస్ తగ్గింది. మంచింగ్ గట్టిగా ఉంటే లివర్‌కు ఢోకా లేదనే మాటకు మాత్రం ఆధారం లేదు. నిండు కడుపు మద్యాన్ని రక్తంలోకి మెల్లగా ఎక్కనిస్తుంది, కాలేయానికి పని మాత్రం తప్పదు.

జబ్బు వచ్చాక మొదటి చికిత్స మద్యం మానడం. రెండోది తిండి, ఇక్కడే మన ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. కామెర్లు కనపడగానే పథ్యమని జావకే పరిమితం చేస్తారు. 2016 నాటి ఒక అధ్యయనంలో శరీర బరువులో కిలోకు రోజుకు 21.5 కేలరీలకంటే తక్కువ తిన్న, జబ్బు తీవ్రంగా ఉన్న రోగుల్లో మరణాలు ఎక్కువ. ప్రొటీన్ కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు అందాలి. పొట్టలో నీరు చేరితే తగ్గించాల్సింది ఉప్పు, అంటే ఊరగాయ, అప్పడం. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే సిర్రోసిస్ రోగి ఒళ్లు సొంత కండనే కరిగించుకుంటుంది. అందుకే పడుకునే ముందు రెండు ఇడ్లీలో, గ్లాసుడు పాలో తీసుకోమంటారు.