మీకు తెలుసా?
సింగపూర్ షాపింగ్‌లో కట్టిన పన్ను తిరిగొస్తుంది!

సింగపూర్‌లో వస్తువుల అసలు ధరపై 9 శాతం జీఎస్టీ కలిపి ఉంటుంది. విమానంలో తిరిగి వెళ్లే పర్యాటకులు దాన్ని వెనక్కి అడగవచ్చు. ఉదాహరణకు 545 సింగపూర్ డాలర్ల నగ కొంటే అందులో పన్ను 45 డాలర్లు. సేవా రుసుము పోను మిగతాది చేతికొస్తుంది.

● ఈ పన్ను రిఫండ్ పథకంలో ఉన్న దుకాణంలో కనీసం 100 డాలర్ల కొనుగోలు ఉండాలి. బిల్లు వేసేటప్పుడే పాస్‌పోర్టు చూపించాలి.

● అక్కడ ఉద్యోగం చేస్తున్న అబ్బాయి తన పాస్‌పోర్టుతో కొంటే రిఫండ్ రాదు. చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలు తమ పాస్‌పోర్టుతో కొనుక్కోవాలి.

● కొన్న 2 నెలల్లోపు వస్తువుతో సహా దేశం దాటాలి. హోటల్ గది అద్దె, తిన్న భోజనం లెక్కలోకి రావు.

● చాంగీ విమానాశ్రయంలో రిఫండ్ యంత్రం దగ్గర పాస్‌పోర్టు స్కాన్ చేయాలి. వస్తువు పెద్ద పెట్టెలో పెడుతుంటే, లగేజీ అప్పగించకముందే ఈ పని ముగించండి. అధికారులు వస్తువు చూపించమనవచ్చు.

● బస్సులో వంతెన దాటి మలేషియా వెళ్లేవారికి ఈ సౌకర్యం లేదు.

బిల్లులు భద్రంగా దాచుకోండి, విమానాశ్రయానికి కాస్త ముందే చేరుకోండి.