3.4 సార్టింగ్ ఫంక్షన్లకు స్పష్టమైన పేర్లు

జాబితాలోని అంశాలను ఆరోహణ లేదా అవరోహణ క్రమంలో అమర్చడమే సార్టింగ్ అని ఇంతకు ముందు తెలుసుకున్నారు. అలాంటి ఫంక్షన్‌ను లైబ్రరీలో చేర్చేటప్పుడు దానికి ఏ పేరు పెట్టాలో ఇప్పుడు పరిశీలిద్దాం. లైబ్రరీని వాడేవారు సాధారణంగా లోపలి కోడ్‌ను చదవరు. పేరును బట్టే ఫంక్షన్ ఏం చేస్తుందో ఊహిస్తారు. కాబట్టి పేరు కింది మూడు ప్రశ్నలకు తావు లేకుండా ఉండాలి.

1. అసలు జాబితా మారుతుందా?

హాల్‌టికెట్ నంబర్ల వరుసలో 62, 48, 91 అనే మార్కుల జాబితా ఉందనుకోండి. పైథాన్‌లో 'సార్ట్' మెథడ్‌ను వాడితే ఆ జాబితాయే 48, 62, 91గా మారిపోతుంది. పాత వరుస పోయినందున, మొదటి విద్యార్థికి రావలసిన 62కు బదులు 48 నమోదయ్యే ప్రమాదం ఉంది. 2004లో విడుదలైన 2.4 వెర్షన్‌లో చేర్చిన 'సార్టెడ్' ఫంక్షన్ అసలు జాబితాను ముట్టుకోకుండా కొత్త జాబితానిస్తుంది. 'క్రమపరచు' అనేది ఆజ్ఞ, 'క్రమపరచిన' అనేది ఫలితాన్ని తెలిపే మాట. ఈ తేడాయే ఆ రెండు పేర్లలో కనిపిస్తుంది.

రూబీలో మాత్రం 'సార్ట్' కొత్త జాబితానిస్తుంది. ఉన్న జాబితాను మార్చే మెథడ్ పేరు చివర ఆశ్చర్యార్థకం ఉంటుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా లైబ్రరీ అంతటా ఒకేలా పాటించాలి.

2. సమాన అంశాల వరుస నిలుస్తుందా?

పేర్ల వరుసలో ఉన్న విద్యార్థులను మార్కుల ప్రకారం అమర్చినప్పుడు, సమాన మార్కులు వచ్చినవారు పేర్ల వరుసలోనే ఉంటే అది స్థిరమైన సార్టింగ్. సి ప్లస్ ప్లస్‌లో 'సార్ట్' ఈ హామీ ఇవ్వదు. 'స్టేబుల్ సార్ట్' ఇస్తుంది. హామీ పేరులోనే ఉంది.

3. పేరు దేనిని చెప్పాలి, పద్ధతినా, ఫలితాన్నా?

సి భాషలోని 'క్యూసార్ట్' పేరు క్విక్‌సార్ట్‌ను గుర్తుచేస్తుంది. కాని ఆ పద్ధతినే వాడాలని సి ప్రమాణం నిర్దేశించదు. లోపలి పద్ధతి మారవచ్చు. పేరు మారిస్తే దానిని వాడే ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి. అందువల్ల ఫలితాన్ని తెలిపే పేరే ఎక్కువ కాలం నిలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక లైబ్రరీలో 'సార్ట్1', 'సార్ట్2' అనే ఫంక్షన్లు ఉన్నాయి. మొదటిది ఉన్న జాబితాను మారుస్తుంది, రెండవది కొత్త జాబితానిస్తుంది. వీటికి తగిన పేర్లు సూచించి, కారణాలు రాయండి.