దేశదేశాల కోవిడ్ లెక్కలు

ఒక అంటువ్యాధి ఏ దేశంలో ఎంత నష్టం చేసిందో పోల్చి చెప్పాలంటే, మరణాల సంఖ్య కంటే ముందు, ఆయా దేశాలు ఏ మరణాన్ని ఆ వ్యాధి ఖాతాలో రాసుకున్నాయో తెలియాలి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 2020 జనవరిలో ప్రారంభించిన కోవిడ్ పటంలో దేశాల అంకెలన్నీ ఒకే వరుసలో కనిపించేవి గానీ, వాటి వెనుక ఉన్న కొలమానాలు ఒకటి కావు.

బెల్జియం మొదటి నుంచీ వృద్ధాశ్రమాల్లో కోవిడ్ అనుమానంతో, పరీక్ష జరగకుండానే చనిపోయినవారిని కూడా లెక్కలో కలిపింది. ఆ నిజాయితీకి ఫలితంగా, జనాభా నిష్పత్తిలో అత్యధిక మరణాలు సంభవించిన దేశాల్లో ఒకటిగా పత్రికలకెక్కింది. ఇంగ్లండ్‌లోనైతే, ఒకసారి పాజిటివ్ వచ్చిన వ్యక్తి కోలుకుని, కొన్ని నెలల తర్వాత రోడ్డు ప్రమాదంలో పోయినా కోవిడ్ మరణాల్లోనే చేరేవాడు. 2020 ఆగస్టులో, పాజిటివ్ వచ్చిన 28 రోజుల లోపు చనిపోయినవారినే లెక్కించాలని నిర్ణయించడంతో, బ్రిటన్ మొత్తం నుంచి 5,000కు పైగా మరణాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి.

పెరూలో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. పరీక్షలు చాలినన్ని జరగని ఆ దేశంలో, పరీక్షలో నిర్ధారణ అయిన మరణాలకే ప్రధానంగా పరిమితమైన జాబితాను నిపుణుల సంఘం తిరగదోడి, రోగ లక్షణాలనూ మరణ ధ్రువీకరణ పత్రాలనూ కూడా ఆధారంగా తీసుకున్నప్పుడు, 2021 మే 31న 69,342గా ఉన్న సంఖ్య 1,80,764కు చేరింది.

ఈ చిక్కును కొంతవరకు విడదీసే కొలత ‘అదనపు మరణాలు’, అంటే మామూలు సంవత్సరాల పోకడను బట్టి ఊహించదగిన మరణాల కంటే, అన్ని కారణాల వల్లా కలిపి ఎన్ని ఎక్కువ జరిగాయన్న లెక్క. ఈ పద్ధతిలో 2020, 2021 సంవత్సరాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా 1.49 కోట్లు కాగా, దేశాలు అధికారికంగా ప్రకటించినవి దాదాపు 54 లక్షలే. అయితే ఏటా ఎందరు చనిపోతున్నారో పూర్తిగా నమోదు చేసుకునే దేశాల్లో ఇది సూటి తీసివేత. నమోదు అరకొరగా ఉన్నచోట, లేదా ఆ వివరాలు సకాలంలో అందనిచోట గణిత నమూనాలే దిక్కు. భారత్‌కు ఆ సంస్థ 47 లక్షల అదనపు మరణాలను అంచనా వేసినప్పుడు, అధికారిక సంఖ్యకు అది దాదాపు పది రెట్లు కావడంతో, కేంద్ర ప్రభుత్వం తప్పుబట్టింది కూడా ఆ నమూనానే.