బిడ్డ ఒంటి మీద వల లాంటి నీలి గీతలా? కోడలిని అనకండి, డాక్టర్‌కు చూపించండి

నాయుడుపేట: పుట్టిన బిడ్డ కాలి మీదో, చేతి మీదో నీలం, ఊదా రంగు గీతలు చేపల వల పరిచినట్టు కనిపిస్తే ఇంట్లో ముందుగా వినిపించే మాటలు మనకు తెలిసినవే. "నజర్ తగిలింది", "గ్రహణం రోజు కోడలు బయట తిరిగింది", "దగ్గర సంబంధం చేసుకుంటే ఇంతే". బాలింత కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. బిడ్డను డాక్టర్‌కు చూపించడం మాత్రం వెనకబడుతుంది.

ఈ గీతలకు వైద్యంలో ఒక పేరుంది. క్యూటిస్ మార్మొరేటా టెలాంజియెక్టాటికా కంజెనిటా, పొట్టిగా సీఎంటీసీ. మార్మొరేటా అంటే పాలరాతి చారలున్నది అని అర్థం. 1922లో వాన్ లోహ్యూజెన్ అనే డచ్ పిల్లల వైద్యురాలు దీన్ని మొదటిసారి వివరంగా రాశారు. ఆ తర్వాత ఇప్పటిదాకా ప్రపంచం మొత్తం మీద వైద్య పత్రికలకు ఎక్కినవి కొన్ని వందల కేసులే. అంత అరుదు.

ఎందుకు వస్తుంది?

చర్మంలోని సన్నటి రక్తనాళాలు కడుపులో ఉన్నప్పుడే వెడల్పుగా ఏర్పడడం వల్ల. కొందరు పిల్లల్లో, పిండం పెరిగే తొలి దశలో కొన్ని కణాల్లో మాత్రమే వచ్చిన జన్యు మార్పు కనిపించింది. చాలా వరకు ఇది వంశపారంపర్యం కాదు. అంటువ్యాధి అసలే కాదు. తల్లి తిన్నదానికీ, తిరిగినదానికీ దీనికీ సంబంధం లేదు.

ఇంట్లో ఎలా గుర్తుపట్టాలి?

చలి తగిలితే మామూలు పసిపిల్లల ఒంటి మీద కూడా ఇలాంటి వల కనిపిస్తుంది. బిడ్డను తల్లి గుండెలకు ఆనించి పైన దుప్పటి కప్పితే కాసేపటికి అది పోతుంది. సీఎంటీసీ అలా పోదు. ఒళ్లు వెచ్చబడ్డాక కూడా గీతలు ఉంటాయి, ఏడ్చినప్పుడు ఇంకా ముదురుతాయి. ఎక్కువగా కాళ్లకు, అదీ ఒకవైపే వస్తుంది. చామనఛాయ పిల్లల్లో రంగు గోధుమ, ఊదా కలిసినట్టు ఉండి త్వరగా కంటికి ఆనదు.

ఒక జాగ్రత్త. ఒళ్లు ఇలా మచ్చలుగా మారడంతో పాటు బిడ్డ పాలు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఒళ్లు చల్లబడినా, జ్వరం ఉన్నా, పెదాలు నీలంగా మారినా ఆగకండి. అది రక్తంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

డాక్టర్ ఏం చూస్తారు?

మూడు విషయాలు. ఒకటి, గీతలున్న కాలు రెండో కాలి కంటే సన్నగానో పొట్టిగానో ఉందా అని టేపుతో కొలుస్తారు. రెండు, ముఖం మీద కంటి దగ్గర గీతలుంటే కంటి పరీక్ష రాస్తారు. గ్లకోమా వచ్చే అవకాశం ఉంది, ఆలస్యమైతే చూపు దెబ్బతింటుంది. మూడు, గీతల మీద చర్మం పలచబడి పుండ్లు పడ్డాయా అని చూస్తారు.

చాలామంది పిల్లల్లో గీతలు మొదటి రెండేళ్లలో వాటంతట అవే పలచబడతాయి. వాటికోసం మందులు అక్కర్లేదు. కాపడం పెట్టడం, గట్టిగా రుద్ది నూనె మర్దన చేయడం, వాతలు పెట్టడం వల్ల పుండ్లు పడతాయి. ఆ పనులు వద్దు.

ఎక్కడికి వెళ్లాలి?

ఆసుపత్రిలో కాన్పు అయితే ఆశా వర్కర్ 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఏడో రోజు మన ఇళ్లలో అఖీఖా. ఆ హడావుడిలో ఆమెను గుమ్మం నుంచే పంపేయకండి, బిడ్డ బట్టలు విప్పి చూపించండి. తల గీయించాక మాడు కూడా చూడండి. అక్కడ చర్మం లేని మచ్చ ఉంటే అదీ డాక్టర్‌కు చెప్పాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే లోపాలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. మన పట్టణం నుంచి శ్రీకాళహస్తి మీదుగా వెళ్తే తిరుపతి రుయా, హైవే మీద వెళ్తే నెల్లూరు పెద్దాసుపత్రి ఉన్నాయి. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే చెన్నై ఎగ్మోర్‌లో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి, 1819 నుంచి నడుస్తున్న ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉన్నాయి.

వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, డిశ్చార్జ్ కాగితం పట్టుకెళ్లండి. పుట్టిన రోజు నుంచి నెలకోసారి పగటి వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. గీతలు తగ్గుతున్నాయా లేదా అన్నది డాక్టర్‌కు వాటితోనే తెలిసిపోతుంది.