వేడి నిజమేనా, అంకె తప్పా?



మా ఇంట్లో విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటర్ మొన్న వేసవిలో మాటిమాటికీ ఆగిపోయేది. ప్రాసెసర్ వేడి 92 డిగ్రీలు చూపించింది. షాపులో ప్రాసెసర్ మార్చాల్సిందే అన్నారు. మూత తీసి చూస్తే హీట్‌సింక్ నాలుగు పిన్నుల్లో ఒకటి పైకి లేచి ఉంది!

మీ పిల్లల కంప్యూటర్‌లోనూ ఇలాగే కనిపిస్తే, డబ్బు ఖర్చు పెట్టే ముందు చిన్న పరీక్ష చేయండి. రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి. చాలా బోర్డులకు ఆ కీయే. మన గంపలగూడెం ఎండలకు గదే 35 ఉంటుంది కాబట్టి 50 చూపించినా కంగారు వద్దు. నిమిషంలోనే 90కి ఎగబాకితే మాత్రం హీట్‌సింక్ సరిగా ఆనలేదన్నమాట. ప్లగ్ తీసేసి దాన్ని విప్పండి. అడుగున ప్లాస్టిక్ పొర అలాగే వదిలేసినవాళ్లూ ఉన్నారు. పాత థర్మల్ పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి బిగించండి.

ఒక్కోసారి అంకే తప్పుదోవ పట్టిస్తుంది. 2017లో వచ్చిన రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెబుతాయి. అన్ని మోడళ్లకూ ఫ్యాన్ ఒకే తీరున తిరగాలని కంపెనీ పెట్టిన ఏర్పాటు అది. ఆ 20 తీసేయని సాఫ్ట్‌వేర్‌లో 75 కనిపిస్తే నిజానికి 55 మాత్రమే.

సమస్య తేలేదాకా ప్రాజెక్టులు తరచుగా సేవ్ చేసుకోమని పిల్లలకు చెప్పండి.