దారం ఎక్కడ తెగింది?

ఎండాకాలం సాయంత్రం. సంగమేశ్వరం దగ్గర శ్రీశైలం జలాశయం నీళ్లు ఒడ్డును వదిలి ఎక్కడికో వెళ్లిపోయాయి. నెర్రెలిచ్చిన ఒండ్రుమట్టిలో గుచ్చి నిలబెట్టిన గాలపు కర్ర ఉన్నట్టుండి వంగింది. కుర్రాడు పరుగున వెళ్లి పట్టుకున్నాడు. ఒక్క గుంజు... అంతే. కర్ర మళ్లీ నిటారుగా నిలబడిపోయింది.

'నాయనా, తెంపుకొని పాయె!'

'పోతే పోయింది గానీ... ఆ కొస యాడ తెగిందో, ఎట్ల తెగిందో సూడు ముందు' అన్నాడు తండ్రి.

చేప పోయిందని బాధపడేవాళ్లే గానీ దారం కొసను చూసేవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు మాత్రం దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూస్తారు. తప్పెక్కడ జరిగిందో అది చెప్పేస్తుంది మరి.

కర్నూలు, కడప వైపు చేప అంటే చెరువు బొచ్చె, రాగండి అనుకుంటారు చాలామంది. గాలం పట్టినవాళ్ల మనసు మాత్రం వాలుగ మీదే. శ్రీశైలం వెనక జలాల్లో, తుంగభద్ర మడుగుల్లో, పెన్నలో పెరిగే వేటచేప అది. పెద్ద నోరు, నోటినిండా సన్నటి పళ్లు. మనిషంత పొడవు పెరగగలదు. పగలంతా లోతు మడుగుల్లో నక్కి, చీకటి పడ్డాక వేటకు బయల్దేరుతుంది. బతికిన చేపే కావాలన్న పట్టింపు లేదు. చచ్చిన పరిగెను కొక్కేనికి గుచ్చి అడుగున వదిలినా వాసన పట్టుకుని వస్తుంది. ఇంగ్లండ్, ఐర్లండ్ చలినీళ్లలో పైక్ అనే చేపను పట్టేదీ అచ్చం ఇలాగే. అక్కడ ఎర హెర్రింగో, మాకెరలో... ఇక్కడ పరిగె. చిక్కు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఎరను దూరం వెయ్యాలి!

వానాకాలం నిండు నీళ్లప్పుడు ఈ బాధ లేదు. చేపే ఒడ్డుకు వస్తుంది. అదే ఏప్రిల్, మే నెలల్లో ఒడ్డునంతా మోకాలి లోతే. అసలు నది పారే లోతు అరవై డెబ్బై మీటర్ల అవతల. సీసం గుండు, చచ్చిన చేప కలిపి ఎనభై గ్రాముల బరువును అంత దూరం విసరాలి. దారం లావైతే దూరం పోదు. గాలి పట్టుకుంటుంది, కర్ర రింగుల్లో రాసుకుంటుంది. సన్నగా ఉంటే విసిరినప్పుడే పుటుక్కుమంటుంది. పెట్టె మీద ఎన్ని పౌండ్లని రాశారో చూసి కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఆ పక్కనే చిన్న అక్షరాలతో మిల్లీమీటర్లు కూడా ఉంటాయి. ముందు చూడాల్సింది వాటిని. మంచి నైలాన్ దారం 0.35 మిల్లీమీటర్లు ఉంటే ఇంచుమించు పదిహేను పౌండ్లు, అంటే ఏడు కిలోలకు కాస్త తక్కువ, ఆపుతుంది. అదే లావుకు ముప్ఫై పౌండ్లని రాసిన చవక నైలాన్ డబ్బాను నమ్మకపోవడమే మంచిది.

నైలాన్ రాకముందు పట్టుదారం, నూలుదారం వాడేవారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అని ఈ దేశపు గాలాల మీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఆ కాలంలో వేట ముగిశాక దారాన్ని ఆరబెట్టుకోవడం పెద్ద పని. తడిగా చుట్టేస్తే కుళ్లిపోయేది. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోదర్స్ బృందం నైలాన్‌ను తయారుచేసింది. 1938లో అది మొదట బజారుకు వచ్చింది టూత్‌బ్రష్ కుచ్చుగానట! గాలపు దారంగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు.

ఇప్పుడు పోటీ నైలాన్‌కూ, బ్రెయిడ్ అని పిలిచే అల్లిక దారానికీ మధ్య. సన్నటి పాలిథిలీన్ పోగుల్ని జడలా అల్లి బ్రెయిడ్ చేస్తారు. అంతే బలమున్న నైలాన్ కన్నా చాలా సన్నగా ఉంటుంది కాబట్టి దూరం దూసుకుపోతుంది. పైగా సాగదు. ఇది చిన్న లాభం కాదు. నైలాన్ తెగేలోపు అయిదో వంతు దాకా సాగే రకాలున్నాయి. డెబ్బై మీటర్ల అవతల వాలుగ ఎర అందుకుంటే ఒడ్డున కర్ర చిన్నగా ఊగుతుందంతే. మనం గుంజిన గుంజులో సగం సాగుడుకే సరి. కొక్కెం నోట్లో దిగదు. బ్రెయిడ్‌తో అయితే చేప తల తిప్పినా చేతికి తెలుస్తుంది.

అలాగని అందరూ బ్రెయిడే కొనాలా? నేల చూసి కొనాలి. సాగని దారానికి రాయి పరమశత్రువు. గండికోట వైపు రాతి అంచులు, శ్రీశైలం వెనక జలాల్లో ముంపు ఊళ్ల మొండిగోడలు, చెట్ల మోళ్లు... వీటికి రాసుకుంటే సన్నటి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి. అలాంటిచోట లావు నైలానే నయం. దూరం పది మీటర్లు తగ్గితే తగ్గనీ. ఒండ్రుమట్టి, ఇసుక ఉన్నచోట బ్రెయిడ్ బాగా పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త... దాన్ని చేతికి చుట్టుకుని లాగకూడదు. వేలు తెగుతుంది.

ఏ దారమైనా కొసన లావు నైలాన్ ముక్క కలపాల్సిందే. విసిరేటప్పుడు పడే కుదుపును మోసేది అదే. సముద్రపు ఒడ్డున గాలం వేసేవాళ్ల లెక్క తేలిక... ఔన్సు బరువుకు పది పౌండ్ల దారం. ఎనభై గ్రాములంటే మూడు ఔన్సులకు కాస్త తక్కువ, కాబట్టి ముప్ఫై పౌండ్లది. పొడవు కర్రకు రెండింతలు, ఆపైన రీలు మీద నాలుగైదు చుట్లు ఉండాలి. ఇది లేకుండా విసిరితే తెగిన సీసం గుండు తూటాలా పోతుంది. పక్కన మనుషులుంటారు మరి! దాని కింద, కొక్కేనికి ముందు, మూరెడు సన్న స్టీలు తీగ. వాలుగ పళ్లకు నైలాన్ ఆగదు. తీగ దండగ అనుకుంటే కొక్కెం నోట్లో పెట్టుకుని చేప వెళ్లిపోతుంది. ఇప్పటికే వాలుగ సంతతి తగ్గుతోందని ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో చేర్చింది. అలా పోయిన చేప ఎవరికీ దక్కదు.

సీమ ఎండ సంగతి వేరే చెప్పాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు నైలాన్‌ను పెళుసుబారుస్తాయి. మోటార్ సైకిల్‌కు కట్టి వేసవంతా తిప్పిన రీలు మీద పైచుట్లు గుల్ల అయిపోతాయి. కొన్ని మీటర్లు కత్తిరించి పారేయాలి. పారేయడమంటే ఒడ్డున కాదు. కొంగల కాళ్లకు, తాబేళ్ల మెడలకు చుట్టుకునేది ఆ ముక్కలే. ముక్కలు ముక్కలుగా కోసి ఇంటికి తెచ్చుకోవాలి.

ఇక ఆ కొస సంగతి. కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే పళ్లు. గరుకుగా, పైపొర లేచి ఉంటే రాయి. సాగి సన్నబడి ఉంటే బరువు ఎక్కువైనట్టు. పందితోకలా రింగులు తిరిగి ఉంటే మాత్రం అసలు తెగనే లేదన్నమాట. ముడి జారింది. నైలాన్ ముడిని బిగించే ముందు ఉమ్మితోనో నీళ్లతోనో తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి అక్కడే బలం పోతుంది. బ్రెయిడ్ నున్నగా ఉంటుంది కాబట్టి నాలుగైదు చుట్లు ఎక్కువే వెయ్యాలి.

సంగమేశ్వరం కుర్రాడు టార్చి వెలుగులో కొసను చూశాడు. రింగులు తిరిగి ఉంది. తండ్రి ఏమీ అనలేదు. కొత్త కొక్కెం తీసిచ్చి, నీళ్ల సీసా ముందుకు జరిపాడు.