గేరు పడకపోతే గేర్‌బాక్స్‌దే తప్పా?

"పన్నెండేండ్ల పాత పికప్. తెల్లారగట్ల కూరగాయల లోడుతో చౌటుప్పల్ నుంచి పట్నం పోతుంటే మంచిగనే ఉంటది. ఎండెక్కి ట్రాఫిక్‌ల పడ్డంక ఫస్ట్ గేరు పడదు, రివర్స్ అయితే గర్రుమంటది. మెకానిక్ గేర్‌బాక్స్ దింపాలంటున్నడు. దింపాల్నా?"

తొందరపడకండి. ముందు రెండు నిమిషాల పని ఒకటుంది. బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపేయండి. క్లచ్ తొక్కి ఒక్కో గేరూ వేసి చూడండి. అన్నీ మెత్తగా పడ్డాయా? ఇప్పుడు స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కే ఉంచి, మళ్లీ వేయండి. ఈసారి మొండికేస్తే గేర్‌బాక్స్‌ను తిట్టి లాభం లేదు. క్లచ్ పూర్తిగా వదలడం లేదు.

ఎందుకు? ఇంజిన్ నడిచినంతసేపూ ఫ్లైవీల్ తిరుగుతూనే ఉంటుంది. క్లచ్ తొక్కగానే ప్రెషర్ ప్లేట్ పట్టు సడలించి క్లచ్ ప్లేటును వదిలేయాలి. అప్పుడే గేర్‌బాక్స్‌లోకి వెళ్లే షాఫ్ట్ నెమ్మదిస్తుంది. ప్లేటు కొద్దిగా అంటుకున్నా షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. ముందు గేర్లకు వేగాలు కలిపే సింక్రో రింగులుంటాయి కాబట్టి కొంత సర్దుకుంటాయి. చాలా పాత బండ్లలో రివర్స్‌కు ఆ రింగు ఉండదు, అందుకే ముందుగా అరిచేది అదే. క్లచ్ తొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి వేసినా అరుస్తుంటే అనుమానం గట్టిపడ్డట్టే.

ఇక పెడల్ సంగతి. రెండు మూడుసార్లు గబగబా కొట్టి వేస్తే గేరు పడుతోందా? ఆయిల్‌తో నడిచే క్లచ్ అయితే లైన్లో గాలి చేరింది, లేదా మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్లలో ఒకదాని రబ్బరు పోయింది. పెడల్ దగ్గరి మ్యాట్ ఎత్తి వేలితో తడిమి చూడండి. ఆ ఆయిల్ కారినచోట రేకు మీది రంగు ఉబ్బి పొట్టులా లేస్తుంది. కిట్టు మార్చి, గాలి తీస్తే సరిపోతుంది. గేర్‌బాక్స్ బోల్టు ఒక్కటీ విప్పనక్కర్లేదు. కేబుల్ క్లచ్ అయితే కేబుల్ సాగిందా, పోగులు తెగాయా చూడాలి.

మరి ఎండెక్కాకే ఎందుకు? పొద్దున ఖాళీ హైవే మీద క్లచ్‌కు పెద్ద పని ఉండదు. పంతంగి టోల్ దగ్గర సంక్రాంతికి విజయవాడ వైపు కట్టే వరసను తలుచుకోండి. అడుగడుగుకూ సగం తొక్కిన క్లచ్. ప్లేటు రాసుకుని కాగిపోతుంది. పదే పదే కాగితే వంకరపోతుంది. వంకరపోయిన ప్లేటు సరిగా వదలదు. క్లచ్ మీద కాలు ఆనించి నడిపే అలవాటుంటే రోజూ పండగే!

క్లచ్ పెడలే లేని బండి కథ వేరు. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ఓ రాత్రి ఫోన్ చేశాడు: "మామా, పాత ట్రక్కు డ్రైవ్‌లో పెట్టినంక ఆగి ఆగి కదులుతుంది." ఆటోమేటిక్‌లో లోపలి క్లచ్‌లను బిగించేది ఆయిల్ ఒత్తిడి. ఆయిల్ తగ్గితే ఒత్తిడి ఆలస్యంగా వస్తుంది, గేరూ ఆలస్యమవుతుంది. అందుకే అక్కడ ముందుగా పట్టుకోవాల్సింది డిప్‌స్టిక్‌ను, పానాను కాదు. ఆయిల్ ఎర్రగా ఉంటే మట్టం చూసి, ఎక్కడ కారుతోందో వెతకాలి. నల్లబడి మాడువాసన వస్తే లోపలి ప్లేట్లు కాలుతున్నట్టు.

మన పికప్‌కే వద్దాం. ఇంజిన్ ఆపినా గేరు బిగుసుకుంటే ముందు లివర్ కింది లింకులు, కేబుళ్లు చూడాలి. ఒక్క సెకండ్ గేరే గరగరమంటే దాని సింక్రో రింగు అరిగి ఉంటుంది. వేసిన గేరు బయటికి దూకుతుంటే ముందు మౌంటింగ్ రబ్బర్లు చూసి, ఆ తర్వాతే లోపలి ఫోర్కు, పళ్ల మాట. ఏమీ తేలకపోతే గేర్ ఆయిల్ ఒక గిన్నెలోకి దింపించండి. పచ్చగా మెరిసే సన్నటి పొడి కనిపిస్తే ఇత్తడి రింగులు అరుగుతున్నాయి. అయస్కాంతానికి ఉక్కు ముక్కలే అంటుకుంటే ఇక దింపమనండి. ఎలాగూ దింపారు కాబట్టి క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ కూడా మీ కళ్లముందే చూపించమనండి. మూణ్నెల్లకు మళ్లీ అదే దింపుడు కూలి ఇవ్వనక్కర్లేదు.